108 బండిలో ఫిజిషియన్ అసిస్టెంట్ ఎవరి మాట మీద పనిచేయాలి?

తెలంగాణ రాష్ట్ర వైద్య, ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖకు బహిరంగ లేఖ
సికింద్రాబాద్

డాక్టరు పర్యవేక్షణలో, డాక్టరు అప్పగించిన మేరకు వైద్యం చేయడానికి శిక్షణ పొందినవారు ఫిజిషియన్ అసిస్టెంట్లు. ఆసుపత్రుల్లో అందరూ పీఏ అనే అంటారు. రోగి చెప్పింది విని కేస్ షీట్ రాయడం, పరీక్షించడం, రౌండ్స్‌లో డాక్టరు చెప్పినవన్నీ అమలయ్యేలా చూడటం, ఆపరేషన్‌లో చేయందించడం, డిశ్చార్జి సమ్మరీ సిద్ధం చేయడం వీళ్ల రోజువారీ పని. హైదరాబాద్, సికింద్రాబాద్ కార్పొరేట్ ఆసుపత్రుల గుండె విభాగాల్లో, క్యాత్‌ల్యాబుల్లో, ఐసీయూల్లో వీళ్లు కనిపిస్తారు. సెలవు రోజుల్లో, డ్యూటీ లేని పూటల్లో వీళ్లు పార్ట్‌టైమ్‌గా అంబులెన్సుల్లో పనిచేయవచ్చా, చేస్తే ఏ హద్దుల్లో చేయాలి అన్నది శాఖ తేల్చాల్సిన ప్రశ్న. చేయవచ్చు, చేస్తే రోగికి మేలే. కానీ పీఏకి సొంతంగా వైద్యం చేసే హక్కు లేదు, ఆ అధికారం వెనకున్న డాక్టరు నుంచి వస్తుంది. ఆసుపత్రిలో ఆ డాక్టరు పక్క గదిలోనే ఉంటారు. కదిలే బండిలో ఆ డాక్టరు ఎవరో పేరుతో సహా కాగితం మీద లేకపోతే, ఎంత నేర్పు ఉన్నా అది చట్టం ముందు నిలవదు, రోగికి భద్రతా ఇవ్వదు.

ఈ వృత్తి అమెరికాలో పుట్టింది సైనిక వైద్యం అనుభవంలోంచి. 1965లో డ్యూక్ విశ్వవిద్యాలయంలో డాక్టర్ యూజీన్ స్టెడ్ మొదటి తరగతి ప్రారంభించినప్పుడు చేరిన నలుగురూ నౌకాదళంలో వైద్య సహాయకులుగా పనిచేసి వచ్చినవాళ్లు. వైద్య కళాశాల ముఖం చూడకపోయినా ప్రాణం నిలబెట్టడం తెలిసిన మనుషులు. ఆ అనుభవానికి రెండేళ్ల క్రమమైన చదువు జోడిస్తే డాక్టర్ల కొరత కొంతైనా తీరుతుందన్నది స్టెడ్ ఆలోచన. మన దేశంలో దారి వేరు. 1992లో చెన్నైలోని మద్రాస్ మెడికల్ మిషన్‌లో గుండె శస్త్రచికిత్స నిపుణుడు డాక్టర్ కె.ఎం. చెరియన్ ఈ కోర్సుకు నాంది పలికారు. అక్కడ అవసరం ఆపరేషన్ థియేటర్‌ది, ఆపరేషన్ తర్వాతి ఐసీయూది. అందుకే ఇక్కడి పీఏకి వెంటిలేటర్, ఇన్ఫ్యూజన్ పంపు, ఈసీజీ బాగా అలవాటు. రోడ్డు మీద తిరగబడిన ఆటోలోంచి మనిషిని వెన్ను కదలకుండా బయటికి తీయడం అలవాటు లేదు. రోడ్డు మీద చేతులు తిరిగినవాళ్లను అమెరికా ఆసుపత్రిలోకి తెచ్చింది, ఆసుపత్రిలో చేతులు తిరిగినవాళ్లను రోడ్డు మీదికి పంపాలా అన్నది ఇక్కడి ప్రశ్న. 

అత్యవసర వైద్యం గురించి రాసేటప్పుడు సికింద్రాబాద్‌ను వదిలి రాయడం కుదరదు. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 అంబులెన్సు సేవ మొదలైంది. దాన్ని నడపడానికి సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు కుటుంబం నెలకొల్పిన ఈఎంఆర్ఐ సంస్థ మేడ్చల్ రోడ్డులో దేవరయాంజాల్ దగ్గర కేంద్రం పెట్టుకుంది. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడ్డాక సంస్థ జీవీకే చేతికి వెళ్లింది, తర్వాత ఈఎంఆర్ఐ గ్రీన్ హెల్త్ సర్వీసెస్ అయింది. యాజమాన్యం మారినా పద్ధతి మారలేదు. బండిలో ఒక ఈఎంటీ, అంటే ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్, ఒక పైలట్. డ్రైవరును పైలట్ అనడం ఈ సేవ చేసిన మంచి అలవాటు. ఈఎంటీకి సందేహం వస్తే ఫోన్ చేస్తారు. కేంద్రంలో కూర్చున్న డాక్టరు, అంటే ఈఆర్‌సీపీ, పరిస్థితి విని ఏ మందు ఎంత ఇవ్వాలో, ఏ ఆసుపత్రికి తీసుకెళ్లాలో చెబుతారు. ఫ్రాన్సులో తీవ్రమైన కేసుకు డాక్టరే బండెక్కి వెళతారు. ఇక్కడ డాక్టరు మాట వెళుతుంది. వేల పల్లెలకు, బస్తీలకు ఒకేసారి డాక్టర్లను పంపలేని దేశంలో ఈ పద్ధతి సరైనదే. 2007లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ అత్యవసర వైద్య విభాగంతో కలిసి ఈఎంఆర్ఐ రెండేళ్ల పారామెడిక్ శిక్షణ మొదలుపెట్టడానికి కూడా కారణం ఇదే. డాక్టరు దూరంగా ఉన్నప్పుడు ఆ మాటను అందుకుని పనిగా మార్చే చెయ్యి గట్టిదై ఉండాలి.

పీఏ ఈ అల్లికలో ఎక్కడ కూర్చుంటారు? చట్టం సగం జవాబే ఇస్తుంది. 2021లో పార్లమెంటు చేసిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం ఫిజిషియన్ అసిస్టెంట్‌ను మొదటిసారి ఒక గుర్తింపు ఉన్న వృత్తిగా షెడ్యూల్‌లో చేర్చింది. అదే షెడ్యూల్‌లో ఎమర్జెన్సీ మెడికల్ టెక్నాలజిస్టు కూడా ఉన్నారు, కానీ వేరే వర్గంలో. ట్రామా, కాలిన గాయాలు, మత్తుమందు సాంకేతికత ఒక వర్గం. మెడికల్ టెక్నాలజిస్టులు, ఫిజిషియన్ అసోసియేట్లు (అంటే పీఏలు) మరో వర్గం. ఒకదాంట్లో నమోదైనవాళ్లు మరొకదాని పని పార్ట్‌టైమ్‌గా చేయాలంటే ఏం కావాలో ఆ పట్టిక చెప్పదు. 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఈ చట్టం అమలులో జాప్యాన్ని తప్పుపట్టి కేంద్రానికీ రాష్ట్రాలకూ గడువు విధించింది. పట్టిక వదిలేసిన ఆ ఖాళీని ఈ చట్టం కింద ఏర్పడే రాష్ట్ర మండలి పూరించాలి. మరోవైపు 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం 34వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేకుండా వైద్యం చేసినవారికి ఏడాది వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. డాక్టరు అప్పగింత స్పష్టంగా లేనిచోట అంబులెన్సులో పీఏ ఇచ్చిన ఇంజెక్షన్ ఈ సెక్షన్ నీడలోకి జారే ప్రమాదం ఉంది. మంచి చేయబోయిన మనిషిని ఆ నీడలో నిలబెట్టడం అన్యాయం.

దారి మాత్రం మూసుకుపోలేదు. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు డాక్టరు, రోగి మధ్య ఫోన్ సంప్రదింపులను మాత్రమే గుర్తించి ఆగలేదు. ఆరోగ్య కార్యకర్త రోగి దగ్గర ఉండి రిజిస్టరైన డాక్టరుతో మాట్లాడే పద్ధతిని విడిగా పేర్కొన్నాయి. ఆ ఆరోగ్య కార్యకర్త నిర్వచనంలో నర్సు, ఏఎన్ఎంలతో పాటు అనుబంధ ఆరోగ్య వృత్తి నిపుణులూ ఉన్నారు. అంటే బండిలో పీఏ, ఫోన్‌లో ఈఆర్‌సీపీ అన్న ఏర్పాటుకు పునాది ఇప్పటికే ఉంది. చేయాల్సిందల్లా ఈ రెండు కొసలనూ కలపడం. పార్ట్‌టైమ్ షిఫ్టు మొదలయ్యే క్షణం నుంచి ముగిసేవరకు పీఏకి పర్యవేక్షక డాక్టరు తన ఆసుపత్రి సర్జన్ కాదు, ఆ గంటలో కేంద్రంలో ఉన్న ఈఆర్‌సీపీ అని రాతపూర్వకంగా ప్రకటించాలి. ఈఆర్‌సీపీ డ్యూటీ మారితే పర్యవేక్షణ కూడా కొత్త డాక్టరుకు బదిలీ అయినట్టు రికార్డులో సమయంతో సహా పడాలి. ఆసుపత్రిలో ఇన్నాళ్లూ ఒకే డాక్టరు దగ్గర పనిచేసిన పీఏకి ఆ డాక్టరు కనుసన్న చాలు. ఎన్నడూ ముఖం చూడని డాక్టరు గొంతు మాత్రమే వినిపించేచోట ప్రతి మాటా పూర్తిగా చెప్పాలి, పూర్తిగా వినాలి, తిరిగి చదివి వినిపించాలి. మందు పేరు, మోతాదు, ఇచ్చే మార్గం మూడూ ఫోన్‌లో రెండోసారి పలికాకే చెయ్యి కదలాలి.

ఈ మార్గదర్శకాల్లోనే ఒక చిక్కు ఉంది. దాన్ని ముందే విప్పకపోతే ఏర్పాటంతా అవసరం పడ్డ రోజునే కూలిపోతుంది. షెడ్యూల్ ఎక్స్ మందులనూ, ఎన్‌డీపీఎస్ చట్టం కిందికి వచ్చే మత్తు, మనోప్రేరక పదార్థాలనూ టెలిమెడిసిన్ ద్వారా రాయకూడదు. మార్ఫిన్, కెటమిన్, మిడజోలం ఈ నిషేధం కిందికే వస్తాయి. తొడ ఎముక విరిగి అరుస్తున్న మనిషికి నొప్పి తగ్గించేది, ఆగకుండా ఫిట్స్ వస్తున్న పిల్లవాడిని కాపాడేది ఇలాంటి మందులే. వీటిని ఫోన్ ఆదేశం మీద వదిలేయకుండా, ముందే డాక్టర్లు సంతకం చేసిన స్టాండింగ్ ఆర్డర్ల కింద, తాళం వేసిన పెట్టెలో, ప్రతి ఆంప్యూల్‌కూ లెక్కతో ఎలా ఉంచవచ్చో శాఖ ఔషధ నియంత్రణ విభాగంతో కూర్చుని తేల్చాలి. పార్ట్‌టైమ్ మనుషులు వచ్చిపోయే బండిలో ఈ లెక్క మరింత గట్టిగా ఉండాలి.

పీఏని ఏ బండిలో ఎక్కించాలన్నది తర్వాతి ప్రశ్న. 108కి వచ్చే పిలుపుల్లో గర్భిణులది పెద్ద వాటా. బండిలోనే కాన్పు చేయడం ఈఎంటీకి కొత్త కాదు. గుండె ఐసీయూలో ఐదేళ్లు చేసిన పీఏ చదువు రోజుల తర్వాత ఒక్క కాన్పు కూడా చూసి ఉండకపోవచ్చు. మోండా మార్కెట్ వెనక ఇరుకు మెట్ల మీదుగా రెండో అంతస్తు నుంచి బరువైన రోగిని స్ట్రెచర్ మీద దించడం, గుమిగూడిన జనంలో బంధువులను శాంతింపజేస్తూ పని చేసుకోవడం, రోడ్డు పక్కన తన ప్రాణానికి ముప్పు లేకుండా చూసుకోవడం ఆసుపత్రిలో నేర్చుకునే విద్యలు కావు. అందువల్ల డిగ్రీ పెద్దదన్న కారణంతో ఘటనా స్థలంలో పీఏని ఈఎంటీకి పైవాడిగా నిలపడం తప్పు. అక్కడ పెద్ద ఈఎంటీయే. ఈ మాట నియమాల్లో ఉంటే ఇద్దరి మధ్య పెత్తనం గొడవ రాదు.

పీఏ నేర్పు నిజంగా వెలిగేది ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి రోగిని తరలించేటప్పుడు. సిద్దిపేట, కరీంనగర్ వైపు నుంచి రాజీవ్ రహదారి మీదుగా, కామారెడ్డి, మేడ్చల్ వైపు నుంచి సుచిత్ర, బోయిన్‌పల్లి మీదుగా గాంధీ ఆసుపత్రికి వచ్చే బండ్లు చాలా ఉంటాయి. 1851లో చిన్న వైద్యశాలగా మొదలై, 2003లో ముషీరాబాద్‌లోని పాత జైలు స్థలానికి మారిన గాంధీ ఉత్తర తెలంగాణకు చివరి మెట్టు. అలా రెఫరైన రోగులు కొందరు ట్యూబ్ మీద, వెంటిలేటర్ మీద, రక్తపోటు నిలబెట్టే మందులు పంపులో నడుస్తుండగా వస్తారు. దారిలో ట్యూబు కాస్త జారినా, పంపు ఆగినా, ఆక్సిజన్ సిలిండర్ లెక్క తప్పినా గంట ప్రయాణంలో మనిషి మిగలడు. ఇది ఐసీయూ పని. ఐసీయూలో పనిచేసేవాళ్లే దీనికి సరైనవాళ్లు. పైగా తరలింపు చాలాసార్లు ముందే తెలుస్తుంది, కాబట్టి పార్ట్‌టైమ్ రోస్టరుకు కుదురుతుంది. మొదటి దశలో పీఏల పార్ట్‌టైమ్ సేవను అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్ట్ బండ్లలో ఆసుపత్రుల మధ్య తరలింపుకే పరిమితం చేయాలన్నది ఈ లేఖలోని ప్రధాన ప్రతిపాదన. అంబులెన్సు వాహనం ఎలా ఉండాలో జాతీయ అంబులెన్స్ కోడ్, అంటే ఏఐఎస్-125 ప్రమాణం, రకాల వారీగా నిర్దేశించింది. డీ రకం అంటే అడ్వాన్స్‌డ్ లైఫ్ సపోర్ట్ వాహనం. అందులో కూర్చునే మనిషికి కూడా అంత స్పష్టమైన కొలత కావాలి.

సికింద్రాబాద్‌కు గత కొన్నేళ్లలో పడిన దెబ్బలు తర్వాతి దశలో తీర్చాల్సిన ఇంకో అవసరాన్ని ముందుకు తెచ్చాయి. 2022 మార్చి 23న బోయిగూడ తుక్కు గోదాములో అగ్నిప్రమాదం జరిగి బిహార్ నుంచి పనికి వచ్చిన 11 మంది చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబరు 12న కింద ఎలక్ట్రిక్ బైకుల షోరూము, పైన లాడ్జి ఉన్న భవనంలో 8 మంది. 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో 6 మంది, అందరూ ఉద్యోగాలకు వచ్చిన యువతీ యువకులే. ఇలాంటి ప్రమాదాల్లో మంట తాకకముందే పొగ ప్రాణం తీస్తుంది. కార్బన్ మోనాక్సైడ్ పీల్చిన మనిషికి వేలికి పెట్టే పల్స్ ఆక్సీమీటరు మంచి అంకె చూపిస్తూనే ఉంటుంది, లోపల మెదడుకు ప్రాణవాయువు అందదు. గొంతు లోపల వాపు పెరిగితే కొద్ది నిమిషాల్లో ట్యూబు వేయడం కూడా అసాధ్యమవుతుంది. ముఖం మీద మసి, మారిన గొంతు చూసి వాపు ముదరకముందే నిర్ణయం తీసుకోవడం అనుభవం ఉన్నవాళ్లకే సాధ్యం. స్వప్నలోక్‌లో చనిపోయిన ఆ ఆరుగురిలో ఎవరైనా బతికేవారా అన్న ఊహ ఇక్కడ తగదు, వాళ్ల కుటుంబాలకు అది కొత్త గాయం. ఒకేసారి పదిమంది రోగులు బయటికి వచ్చే ఘటనలో రెండో వరుసగా పిలవడానికి, శ్వాసమార్గం సంభాళించడం తెలిసినవాళ్ల జాబితా ఒకటి కేంద్రం దగ్గర ఉండాలి. మినిస్టర్ రోడ్డు, అలెగ్జాండర్ రోడ్డు, సెయింట్ జాన్స్ రోడ్డు ఆసుపత్రులు ఈ భవనాలకు దగ్గర్లోనే ఉన్నాయి. అక్కడి పీఏలను పార్ట్‌టైమ్ ఒప్పందంతో ముందే నమోదు చేసి, ఏడాదికి రెండుసార్లు అగ్నిమాపక శాఖతో కలిసి కసరత్తు చేయిస్తే జాబితా కాగితం మీదే ఉండిపోదు.

పార్ట్‌టైమ్ పనికి ఇద్దరు శత్రువులు, అలసట, మరుపు. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ దిగి నేరుగా 12 గంటల అంబులెన్సు షిఫ్టు ఎక్కితే ఆ మనిషి చేతికి సిరంజి ఇవ్వడం రోగికి అపకారం. ఒక డ్యూటీ ముగిసి ఇంకొకటి మొదలయ్యే మధ్య కనీసం 12 గంటల విరామం ఉండాలని, ఇద్దరు యజమానుల దగ్గరి పని గంటలు ఒకే రిజిస్టరులో కనబడాలని నియమం పెట్టాలి. పీఏ తన సెలవును ఎలా గడుపుతాడన్నది సొంత విషయమని ఆసుపత్రులు వాదించవచ్చు. రోగి భద్రత ఆ వాదనకంటే పెద్దది. ఇక మరుపు గురించి. మూడు నెలలకోసారి బండెక్కేవాళ్లకు ఏ అరలో ఏముందో కూడా గుర్తుండదు. నెలకు కనీసం రెండు షిఫ్టులు, వీలైనంత వరకు అదే బేస్, అదే పైలట్, అదే ఈఎంటీ. అంతకు తక్కువైతే పేరు జాబితాలోంచి తీసేసి, మళ్లీ శిక్షణ ఇచ్చాకే చేర్చాలి. మొదట బండెక్కే ముందు దేవరయాంజాల్ కేంద్రంలో ప్రీహాస్పిటల్ శిక్షణ పూర్తిచేయడం, కొన్ని షిఫ్టులు అదనపు మనిషిగా మాత్రమే కూర్చోవడం తప్పనిసరి కావాలి. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం ఇందుకు పనికొచ్చే నమూనా. అక్కడ పీఏ లైసెన్సు ఒక్కటే అంబులెన్సుకు సరిపోదు. ప్రీహాస్పిటల్ ఫిజిషియన్ ఎక్స్‌టెండర్ అనే వేరే ధ్రువీకరణ తీసుకోవాలి, ఆ అంబులెన్సు సంస్థ వైద్య సంచాలకుల పర్యవేక్షణలో పనిచేయాలి.

రోగికి తన దగ్గర ఉన్నది ఎవరో తెలియాలి. మెడలో స్టెతస్కోపు కనబడితే మన దగ్గర అందరూ డాక్టరు గారూ అనే పిలుస్తారు. అందులో గౌరవం ఉంది, పొరపాటు కూడా ఉంది. బ్రిటన్‌లో ఇదే విషయం పెద్ద వివాదమైంది. ప్రొఫెసర్ జిలియన్ లెంగ్ సమీక్ష 2025 జులైలో ఫిజిషియన్ అసోసియేట్ పేరును తిరిగి ఫిజిషియన్ అసిస్టెంట్‌గా మార్చాలని, జబ్బు ఏమిటో ఇంకా తేలని రోగులను వీళ్లు స్పష్టమైన విధివిధానాలు లేకుండా చూడకూడదని సిఫార్సు చేసింది. అంబులెన్సుకు నేరుగా వచ్చే తొలి పిలుపులన్నీ దాదాపు జబ్బు తేలని రోగులవే. తరలింపులతో మొదలుపెట్టాలన్న ప్రతిపాదనకు ఇది మరో బలం. యూనిఫాం ఈఎంటీ రంగుకు, డాక్టరు కోటుకు భిన్నంగా ఉండాలి, బ్యాడ్జి మీద హోదా తెలుగు, ఉర్దూ, ఇంగ్లీషుల్లో పెద్ద అక్షరాల్లో ఉండాలి.

డాక్టర్ల సంఘాల అభ్యంతరం ఊహించదగిందే. జిల్లాకో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చిన రాష్ట్రంలో ఏటా ఇంతమంది ఎంబీబీఎస్‌లు బయటికి వస్తుంటే పీఏలెందుకు అంటారు. ఆ ప్రశ్నలో చరిత్ర కూడా ఉంది. తక్కువ కాలం చదివే ఎల్‌ఎంపీ (లైసెన్షియేట్) డాక్టర్ల వ్యవస్థ వద్దని, ఒకే రకం మౌలిక డాక్టరు చాలని 1946లో భోర్ కమిటీ మెజారిటీ సిఫార్సు చేసింది. అస్సాం 2004లో గ్రామీణ వైద్యానికి మూడేళ్ల డిప్లొమా తెస్తే, అలాంటి కోర్సు తెచ్చే అధికారం రాష్ట్రానికి లేదని 2023 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు నేర్పేది ఇదీ: సగం డాక్టర్లను తయారుచేసే దారి రాష్ట్రాలకు మూసి ఉంది. ఈ లేఖ అడిగేది ఆ దారి కాదు. డాక్టరు చోటును పీఏకి ఇమ్మని ఎవరూ అనడం లేదు. ఫోన్ దగ్గర అనుభవం ఉన్న అత్యవసర వైద్య నిపుణులు, క్యాజువాలిటీలో తగినంతమంది డ్యూటీ డాక్టర్లు ఉంటేనే పీఏ సేవకు అర్థం. ఈఆర్‌సీపీ కుర్చీ ఖాళీగా ఉంచి, బండిలో పీఏ ఉన్నారు కదా అనుకుంటే అది మోసం.

చివరిగా డబ్బు, బాధ్యత. పార్ట్‌టైమ్ షిఫ్టుకు పారితోషికం ఎవరిస్తారు, బండి ప్రమాదానికి గురై పీఏ గాయపడితే వైద్యం, పరిహారం ఏ యజమాని బాధ్యత, సూది గుచ్చుకుని హెపటైటిస్ లేదా హెచ్ఐవీ భయం ఏర్పడితే మందులు ఏ గంటలోగా ఎక్కడ దొరకాలి, రోగి తరఫున కేసు పడితే న్యాయ ఖర్చు ఎవరిది అన్నవి ఒప్పందంలోనే ఉండాలి. ఆసుపత్రి తీసిన బీమా ఆసుపత్రి గోడల వరకే వర్తిస్తుందేమో ప్రతి పీఏ పాలసీ కాగితం చదివి చూసుకునేలా చేయాలి. షిఫ్టుకు వచ్చిన ప్రతి ఒక్కరికీ అదే బండిలోని ఈఎంటీ, పైలట్‌లకు ఉన్నంత ప్రమాద బీమా తగ్గకుండా ఉండాలి. అలాగే పీఏకి ఇచ్చే గంట లెక్క ఎంతో బయటికి తెలిసినప్పుడు, ఏళ్ల తరబడి అదే బండిలో రాత్రులు గడిపిన ఈఎంటీల, పైలట్‌ల జీతాల ప్రశ్న తప్పకుండా లేస్తుంది. దాన్ని శాఖ ఈ పథకంతో పాటే చేపట్టాలి, వాయిదా వేయకూడదు. మొదటి ఏడాది గాంధీ ఆసుపత్రికి వచ్చే తరలింపులకే ఇది పరిమితం కావాలి. దారిలో ట్యూబు జారిన కేసులు, ఫోన్ ఆదేశానికి పట్టిన సమయం, అప్పగింతలో దొర్లిన లోపాలు గాంధీ అత్యవసర విభాగం వైద్యులే నెలనెలా సమీక్షించి, ఆ నివేదికను శాఖ వెబ్‌సైటులో తెలుగులో ప్రచురించాలి.